కృష్ణబిలానికి సంజాయిషీ నోటీసు

పెన్నాతీర విశ్వవిద్యాలయంలో ఆ ఏడాదిని శ్రేష్ఠతా సంవత్సరంగా ప్రకటించారు. ఆ సందర్భంగా ఒక ఉత్తర్వు వెలువడింది. విశ్వవిద్యాలయం పేరుతో బయటికి వెళ్ళే ఏ ఫలితమూ డెబ్బై అయిదు శాతానికి తగ్గరాదు. పరీక్షా ఫలితాలు అని రాయాల్సిన చోట ఉత్తర్వు రాసినవారు తొందరలో ఫలితాలు అని మాత్రమే రాశారు. రాసింది రాసినట్టే అమలైంది. విద్యార్థుల ఉత్తీర్ణత వెంటనే డెబ్బై అయిదు దాటింది. వ్యవసాయ విభాగంలో విత్తనాల మొలక శాతం కూడా దాటింది. భూగోళ విభాగం మేడమీద ఉన్న యంత్రం, మే నెల మిట్టమధ్యాహ్నం కూడా గాలిలో తేమ డెబ్బై ఆరని చూపించడం నేర్చుకుంది. ప్రాంగణమంతా సంతోషంగా ఉంది.

అలాంటి వేళ భౌతికశాస్త్ర విభాగం నుంచి అరవై రెండు వచ్చింది.

ఆ అరవై రెండు తెచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు డాక్టర్ నీరజాక్షి, అసిస్టెంట్ ప్రొఫెసరు. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం రావలసి ఉంది. రెండోవాడు ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న దస్తగిరి. ఉదయగిరిలో వాళ్ళ నాన్న టైలరు. కొడుకు చదువుతున్నది ఏమిటో ఆయనకు పూర్తిగా తెలియదు గానీ, అడిగినవాళ్ళకు మాత్రం "ఆకాశం చదువు" అని గట్టిగా చెప్పేవాడు.

వాళ్ళు చేసిన పని ఇది. పదివేల కాంతి సంవత్సరాల దూరంలో ఒక కృష్ణబిలం ఉంది. పక్కనున్న నక్షత్రం నుంచి అది వాయువును గుంజుకుంటూ ఉంటుంది. ఆ వాయువు నేరుగా లోపల పడదు. పెద్ద పళ్ళెంలా బిలం చుట్టూ తిరుగుతూ, కాగిపోతూ, ఎక్స్‌రేలు చిమ్ముతూ మెల్లగా లోపలికి జారుతుంది. బిలం తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరిగితే పళ్ళెం లోపలి అంచు దానికి అంత దగ్గరగా వస్తుంది. అంచు దగ్గరయ్యేకొద్దీ, అక్కడి ఇనుము నుంచి వచ్చే ఎక్స్‌రే గీత వర్ణపటంలో సాగిపోయి, ఒకవైపు వంగిపోయి కనిపిస్తుంది. ఉపగ్రహం పట్టి పంపిన ఆ గీత ఎంత సాగిందో చూసి, బిలం ఎంత తిరుగుతోందో లెక్క కట్టవచ్చు. అసలు తిరగకపోతే సున్నా. ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠం ఒకటి. వీళ్ళ బిలానికి 0.62 వచ్చింది. అటూ ఇటూ 0.08 తేడా ఉండవచ్చని కూడా నిజాయితీగా రాశారు.

విదేశీ పత్రిక ఆ వ్యాసాన్ని అచ్చు వేసింది. స్థానిక దినపత్రిక దస్తగిరి ఫొటో వేసింది. ఉపకులపతి ఆచార్య శేషాచలపతి ఇద్దరినీ తన గదికి పిలిపించారు.

ఆయన చదివింది, చదివించింది పరిపాలనా శాస్త్రం. బల్లమీద రెండు శాలువాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి విప్పి నీరజాక్షి వైపు నడుస్తూ, "అమ్మా, మన విశ్వవిద్యాలయ కీర్తిని అంతరిక్షానికి తీసుకెళ్ళారు. ఇంతకీ ఇందులో గరిష్ఠం ఎంత?" అన్నారు.

"ఒకటండీ."

"మనకెంత?"

"0.62."

ఆచార్యులవారు ఆగారు. శాలువా మళ్ళీ మడత పెట్టారు. మడతలు బాగా కుదిరేవరకు మాట్లాడలేదు.

"అంటే అరవై రెండు శాతం."

"అది మార్కు కాదండీ, కొలత."

"మార్కయినా కొలతయినా అంకె అంకే కదమ్మా. శ్రేష్ఠతా సంవత్సరంలో మన బిలం ఇంత మందకొడిగా తిరుగుతుంటే సమాజానికి మనం ఏం సందేశం ఇస్తున్నట్టు?"

"అది మన బిలం కాదండీ."

"మన పేరుతో వచ్చిందా, లేదా?" అని ఆయన రిజిస్ట్రార్ దేవసహాయం వైపు చూశారు.

దేవసహాయం ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీ పక్కన నిలబడుతున్న మనిషి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆయన చెప్పే జవాబు ఒకటే. "వచ్చిందండీ. పూర్తి పేరుతో వచ్చింది."

మర్నాడే భ్రమణ ప్రమాణాల సమీక్షా సంఘం ఏర్పడింది. వ్యాయామ విద్యా సంచాలకుడు బలరామిరెడ్డిని అధ్యక్షుడిగా వేశారు. యువకుడిగా ఉన్నప్పుడు ఆయన డిస్కస్ విసరడంలో రాష్ట్రస్థాయి పతకం తెచ్చారు. ప్రాంగణంలో గిరగిర తిరగడం గురించి ధ్రువపత్రం ఉన్నది ఆయన ఒక్కరికే. పరీక్షల నియంత్రణాధికారి సభ్యుడు. దేవసహాయం కార్యదర్శి.

బలరామిరెడ్డి మంచి మనిషి. మొదటి సమావేశంలో నీరజాక్షికి టీ తెప్పించి మరీ ప్రశ్న మొదలుపెట్టారు.

"చూడమ్మా, నాకు డొంకతిరుగుడు రాదు. అది ఎందుకట్టా నిదానంగా తిరగతా ఉండాది?"

"నిదానం కాదు సార్. సెకనుకు కొన్ని వందల చుట్లు."

"సెకనుకా!" బలరామిరెడ్డి కప్పు కింద పెట్టారు. "మరింకేందబ్బా? దండేసి పంపించండి."

"ఎన్ని చుట్లయినా గరిష్ఠానికి తక్కువే కదండీ," అని నియంత్రణాధికారి అడ్డుపడ్డారు. ఆయన ప్రతిదాన్నీ పరీక్షల నిబంధనావళిలోంచే చూసేవారు. అందులో కృష్ణబిలాలకు మినహాయింపు కనిపించలేదు. "మేడం, అభ్యర్థి హాజరు ఎలా ఉంది?"

"అభ్యర్థి అంటే?"

"బిలమేనండీ."

నీరజాక్షి ఓపికగా చెప్పింది. "మూడేళ్ళ కిందట కొన్ని వారాలు బాగా ప్రకాశించింది. తరవాత వాయువు రావడం తగ్గి మసకబారింది. ఇప్పుడు కనబడటం లేదు."

"గైర్హాజరు," అని ఆయన రాసుకున్నారు. "సప్లిమెంటరీకి పిలిస్తే?"

"మళ్ళీ ఎప్పుడు మెరుస్తుందో చెప్పలేమండీ. ముప్ఫై ఏళ్ళు కూడా పట్టవచ్చు."

"క్రమశిక్షణ లేని అభ్యర్థి. సరే, మానవతా దృక్పథంతో చూద్దాం. ఈ ప్లస్సూ మైనస్సూ ఎనిమిది ఏమిటి?"

"మా కొలతలో అనిశ్చితి. అసలు విలువ కాస్త ఎక్కువైనా ఉండవచ్చు, తక్కువైనా ఉండవచ్చు."

నియంత్రణాధికారి ముఖం విప్పారింది. "అంటే ఎనిమిది మార్కులు మీ విచక్షణలో ఉన్నాయి! విచక్షణను అభ్యర్థికి అనుకూలంగానే వాడాలని నిబంధన. డెబ్బై అయ్యింది. అయిదు గ్రేసు. డెబ్బై అయిదు!"

బలరామిరెడ్డి చప్పట్లు కొట్టారు. తన అసమ్మతిని నమోదు చేయమని నీరజాక్షి అడిగింది. ప్రొబేషన్‌లో ఉన్నవారి అసమ్మతి రాయడానికి చోటు లేదని దేవసహాయం విచారం వ్యక్తం చేశారు.

వ్యవహారం అక్కడితో ఆగిపోయేదే. కానీ పొరుగు రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం తన కృష్ణబిలానికి 0.97 వచ్చిందని ప్రకటించింది. పేపరు చూసి ఆచార్య శేషాచలపతి ఆ రోజు ఫలహారం మానేశారట. రెండో సమావేశానికి ఆయనే స్వయంగా వచ్చారు.

"పొరుగువారి బిలం తొంభై ఏడుతో తిరుగుతోంది. మనది డెబ్బై అయిదు దగ్గర చతికిలబడింది. నిబంధనల పరిధిలో ఇంకేమైనా అవకాశం ఉందా?"

నియంత్రణాధికారి పేజీలు తిప్పారు. "వెనుకబడిన ప్రాంత అభ్యర్థులకు పదిహేను మార్కుల వెసులుబాటు ఉందండీ." తరవాత నీరజాక్షి వైపు తిరిగారు. "బిలం ఉన్నచోటికి బస్సు సౌకర్యం ఉందా మేడం?"

"లేదు."

"కరెంటు? తాగునీరు?"

"లేవు. కానీ..."

"పాపం," అన్నారు బలరామిరెడ్డి.

తొంభై అయ్యింది. భ్రమణం శారీరక వ్యాయామమేనని అధ్యక్షులు ధ్రువీకరించడంతో క్రీడా కోటాలో పది కలిసింది. వంద. విశ్వవిద్యాలయం రజతోత్సవం కాబట్టి ఉపకులపతి తన ప్రత్యేకాధికారంతో మరో నాలుగు మంజూరు చేశారు.

"ఒకటి దాటకూడదండీ," అంటూ నీరజాక్షి లేచి నిలబడింది. "దాటితే బిలం చుట్టూ ఉన్న తెర పోతుంది. అసలది బిలమే కాకుండా పోతుంది."

"అమ్మా, పరిమితులన్నవి మన మనసులోనే ఉంటాయి," అన్నారు ఆచార్యులవారు. 1.04 ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. దాంతోపాటు, ప్రాంగణంలో సమర్పించే ఏ సిద్ధాంత గ్రంథంలోనూ ఈ అధికారిక విలువకు విరుద్ధమైన అంకె ఉండరాదని తీర్మానించారు.

నీరజాక్షి నేరుగా ప్రయోగశాల వైపు నడిచింది. ఆ ప్రాంగణంలో ఆ బిలం గురించి సిద్ధాంత గ్రంథం రాస్తున్నది ఒక్కడే.

దస్తగిరికి పూనాలో ఒక పరిశోధనా సంస్థ ఉద్యోగం ఇచ్చింది. ఆ నెలాఖరులోగా సిద్ధాంత గ్రంథం సమర్పించినట్టు రుజువు చూపాలి. ఆమె ప్రయోగశాలకు వెళ్ళేసరికి అతను కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. అప్పటికే అతనికి తెలిసిపోయింది.

"మార్చెయ్యి దస్తగిరీ," అంది నీరజాక్షి. అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. "నేనేమీ అనుకోను. ముందు నువ్వు ఇక్కణ్ణించి బయటపడు. నిజమైన విలువ పత్రికలో అచ్చయ్యే ఉంది కదా."

"మార్చి చూసినా మేడం."

"చూశావా?"

"ఆ. ఒకటి పాయింటు సున్నా నాలుగు పెట్టి మోడల్ నడిపినా. కంప్యూటరు ఒప్పుకోలా. ఎర్రగా రాసింది, ఇట్టాంటిది ఉండదని." దస్తగిరి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "అది ఒప్పుకునుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణే మేడం. అబద్ధం ఎందుకు చెప్పాల. నాయన పెట్టె కొన్నాడంట, పూనాకు సామాన్లు తీసుకపోయేదానికి. ఫోన్లో దాని తాళాల గురించే మాట్లాడతాడు."

ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. తెర మీద ఆ గీత ఉంది. ఒకవైపు నిటారుగా లేచి, మరోవైపు నిదానంగా జారుతూ.

"మూడేండ్లు చూసినా దీన్ని," అన్నాడు దస్తగిరి. "ఎక్కడ వంగుతుందో చెయ్యికి తెలుసు. కళ్ళు మూసుకోనైనా గీస్తా. దీన్ని గురించి లేనిది రాయాలంటే ఎట్టనో ఉండాది మేడం. ఎవుర్నో తెలిసినోళ్ళని పట్టిచ్చినట్టు."

నీరజాక్షి ఇంటికి వెళ్ళేటప్పుడు గ్రంథాలయంలో ఆగి, పరీక్షల నిబంధనావళి ప్రతి ఒకటి అరువు తెచ్చుకుంది. వాళ్ళు మాట్లాడే భాషలో వాళ్ళతో మాట్లాడటం ఒక్కటే ఆమె అంతవరకు ప్రయత్నించలేదు.

ఆ వారంలోనే ఉపకులపతి విలేకరుల సమావేశం పెట్టారు. వేదిక మీద పెద్ద బ్యానరు కట్టారు: వందకు నూట నాలుగు. పొరుగు రాష్ట్రాన్ని పేరెత్తకుండా ఆయన చాలాసేపు ఎత్తిపొడిచారు. చివర్లో వెనక వరసలోంచి ఒక యువ విలేకరి చెయ్యెత్తింది.

"సార్, స్పిన్ ఒకటి దాటితే నేకెడ్ సింగ్యులారిటీ అంటారు కదా?"

"ఏమంటారు?"

"నేకెడ్ సార్. నగ్నంగా ఉంటుందని."

ఉపకులపతి చిరునవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం నీరజాక్షి కోసం వెతికాయి. "అమ్మా... ఇది..."

"నిజమేనండీ. ఆ రోజు చెప్పబోయింది అదే. తెర పోతుంది. లోపలున్నదంతా బయటికి కనిపిస్తుంది."

మర్నాడు పేపర్లన్నింట్లోనూ ఒకే మాట: పెన్నాతీర వర్సిటీలో నగ్న బిలం. ఉదయానికే ముఖద్వారం దగ్గర రెండు విద్యార్థి సంఘాలు బైఠాయించాయి. బిలాన్ని తక్షణం కప్పాలని ఒకరు, దాన్ని చూసే హక్కు అందరికీ ఉండాలని మరొకరు. మహిళా వసతిగృహం వార్డెన్ మేడ తలుపులకు తాళం వేయించింది. సూర్యాస్తమయం తరవాత ప్రాంగణంలో ఎవరూ ఆకాశం వైపు అనవసరంగా చూడరాదని సర్క్యులర్ వచ్చింది. రాజధాని నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

అత్యవసర సమావేశంలో ఆచార్య శేషాచలపతి నుదురు తుడుచుకుంటూనే ఉన్నారు. "దించండి. 0.99 చెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే. ఏదో ఒక గుడ్డ కప్పండి దానికి."

"నలభై దించినా నాకు అభ్యంతరం లేదు సార్," అన్నారు బలరామిరెడ్డి. "మా ఇంట్లో పేపరు దాచిపెట్టాల్సొచ్చింది."

అప్పుడు నీరజాక్షి మాట్లాడటానికి అనుమతి కోరింది. ఇస్తారో లేదోనని చూడకుండానే నిబంధనావళి తెరిచింది.

"ఒకసారి ప్రకటించిన ఫలితాన్ని అభ్యర్థికి నష్టం కలిగేలా తగ్గించాలంటే ముందుగా నోటీసు ఇచ్చి, సంజాయిషీ తీసుకోవాలని ఇందులో ఉంది సార్. లేకపోతే చెల్లదట."

నియంత్రణాధికారి కుర్చీలోంచి సగం లేచారు. తన పుస్తకాన్ని మరొకరు చదవడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి. "అక్షరాలా నిజం! నిరుడు ఒకమ్మాయి మార్కులు నోటీసు లేకుండా తగ్గించినందుకే కదండీ కోర్టులో మొట్టికాయలు తిన్నాం!"

కోర్టు అన్న మాట వినగానే ఉపకులపతి తుడుచుకోవడం ఆపారు. "అయితే నోటీసు ఇవ్వండి. తగ్గించే వరకు ఏమని చెబుదాం?"

"విచారణలో ఉందని చెబుదామండీ," అన్నారు దేవసహాయం. ఆ మాటలో ఎంత హాయి ఉందో ఉపకులపతి ముఖం చూస్తే తెలిసింది.

కృష్ణబిలానికి సంజాయిషీ నోటీసు తయారయ్యింది. దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపబోతే, పిన్‌కోడ్ లేనిదే తీసుకోమని పోస్టాఫీసువాళ్ళు తిప్పి పంపారు. అందుబాటులో ఉన్న ఇతర సాధనాల ద్వారా తెలియజేయవచ్చని నిబంధన ఉంది కాబట్టి, ప్రాంగణంలోని రేడియో కేంద్రంలో చదివించాలని నిర్ణయించారు. క్రీడా మైదానంలో పేర్లు పిలిచి పిలిచి గొంతు రాటుదేలిన బలరామిరెడ్డికే ఆ బాధ్యత అప్పగించారు.

ఆయన మైకు ముందు కూర్చుని, కిటికీ దగ్గర నిలబడ్డ దస్తగిరిని అడిగారు. "యాడుండాదబ్బా అది?"

దస్తగిరి దక్షిణం వైపు, కొంచెం పైకి, చెయ్యి చూపించాడు. బలరామిరెడ్డి కుర్చీ, మైకు రెండూ అటువైపు తిప్పుకుని గొంతు సవరించుకున్నారు.

"కృష్ణబిలమునకు తెలియజేయడమేమనగా, తమరి భ్రమణము 1.04గా ప్రకటింపబడియున్నది. తద్ద్వారా తమరు వివస్త్రస్థితిలో సంచరించుచున్నట్లు ఫిర్యాదులు అందియున్నవి. తమరి భ్రమణమును ఏల తగ్గించరాదో ఈ నోటీసు అందిన వెంటనే సంజాయిషీ ఇచ్చుకొనవలసినది." ఒక్క క్షణం ఆగి, మైకు దగ్గరికి వంగి, కాగితంలో లేని మాట తనంత తాను కలిపారు. "భయపడబాకు. ఉండేది ఉండట్టు చెప్పు."

దస్తగిరి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం నీరజాక్షి చూసింది. నవ్వో ఏడుపో ఆమెకు తెలియలేదు.

ప్రసారం కాగానే ఆమె దేవసహాయం గదికి వెళ్ళింది. ఆయన ఫైలు ముగిస్తున్నారు.

"నోటీసు చేరడానికి ఎంత పడుతుందమ్మా?"

"పదివేల ఏళ్ళు సార్."

ఆయన రాసుకున్నారు. "జవాబు రావడానికి?"

"ఇంకో పదివేలు."

అది కూడా రాసుకున్నారు. ఆయన ఫైళ్ళలో కొన్ని ఇంతకంటే నెమ్మదిగానే కదిలేవి.

"అంతవరకు 1.04 నిలుపుదలలో ఉన్నట్టేనా సార్?"

"ఆ. విచారణ తేలేదాకా ఏ విలువా లేదు."

"అధికారికంగా ఏ విలువా లేదు," అని నీరజాక్షి మెల్లగా మళ్ళీ అంది. "అది కాస్త రాసివ్వండి సార్."

ఆయన రాసిచ్చారు. సంతకం చేశాక కలం మూస్తూ ఆగిపోయారు. ఆమె సంచిలోంచి దస్తగిరి సిద్ధాంత గ్రంథం తీసి బల్లమీద పెట్టింది. అందులో ప్రతి అధ్యాయంలోనూ 0.62 ఉంది. విరుద్ధంగా ఉండటానికి ఇప్పుడు అధికారిక విలువంటూ ఏదీ లేదు.

దేవసహాయం గ్రంథం వైపు, ఆమె వైపు చాలాసేపు చూశారు. తరవాత ముద్ర తీసి, గట్టిగా ఊది, కొట్టారు.

"మా పని బాగా నేర్చుకున్నావమ్మా," అన్నారు.

ఆమె థాంక్స్ చెప్పి బయటికి వచ్చింది. వరండాలో నడుస్తుంటే ఆ మాట ఆమెకు పొగడ్తలా అనిపించలేదు.

దస్తగిరి కొత్త పెట్టెతో పూనా రైలెక్కాడు. కొన్ని నెలలకు మౌఖిక పరీక్షకు వచ్చాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు 0.62 మీద రెండు కష్టమైన ప్రశ్నలు వేశాడు. రెండింటికీ అతను బోర్డు మీద గీత గీసి చూపిస్తూ జవాబు చెప్పాడు. వెనక బెంచీలో కూర్చున్న తండ్రికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా కొడుకు గీసిన గీత మాత్రం బాగుందని, కత్తెర పట్టే చెయ్యిలా కుదురుగా ఉందని నీరజాక్షితో అన్నాడు.

శ్రేష్ఠతా సంవత్సరం ముగిసింది. ఆచార్య శేషాచలపతి ఇంకా పెద్ద పదవికి వెళ్ళారు. తరవాతి ఏడాదిని నమ్రతా సంవత్సరంగా ప్రకటించారు. ఆ వేసవిలో నీరజాక్షికి రావలసిన కాగితం వచ్చింది. సాయంత్రం ఆమె ఇంటి మెట్ల మీద కూర్చుని చదువుతుండగా పూనా నుంచి ఫోను వచ్చింది.

"మేడం, మీ పర్మనెంటు ఆర్డరు వచ్చిందంట గదా!"

"వచ్చింది. చదువుతా విను." ఆమె గొంతులో కోపం లేదు. "శ్రీమతి నీరజాక్షి గారు కృష్ణబిలం వ్యవహారంలో అభ్యర్థి పక్షాన వాదించియున్నందున, వారి సర్వీసు క్రమబద్ధీకరణ అంశమును సదరు ఫైలుకు జతపరచడమైనది. బిలం నుండి సంజాయిషీ అందిన పిమ్మట తగు నిర్ణయము గైకొనబడును."

"నావల్లనే గదా మేడం ఇదంతా."

"నీవల్లేం కాదు. జీతం వస్తూనే ఉంది, క్లాసులు చెబుతూనే ఉన్నాను. అది సరే గానీ, అక్కడ ఏం చూస్తున్నావిప్పుడు?"

దస్తగిరి గొంతు కొంచెం తేరుకుంది. "కొత్తదొకటి మెరిసింది మేడం, ఈ వారమే. ఉపగ్రహం దాని మీదనే ఉండాది. గీత చానా సన్నంగా వస్తా ఉండాది. సాగనే లేదు. సున్నా పాయింటు రెండు కూడా రాదేమో."

"రానీ," అంది నీరజాక్షి. "ఎంతొస్తే అంతే రాయి."